వాడరేవులో సగం అడిగిన ప్రశ్న

నల్లపాడు

గుంటూరు నుంచి సముద్రం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు చాలామంది హైవే ఎక్కుతారు, మధ్యలో ఒక అద్దాల హోటల్లో తింటారు, సాయంత్రానికి ఇసుకలో కూర్చుంటారు. దారిలో ఏం తిన్నారని అడిగితే గుర్తుండదు. హైదరాబాదులో తిన్నదే ఇక్కడా తిన్నారు కదా, గుర్తుండటానికేముంది?

నేను అలా వెళ్ళను. గుంటూరులో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. సెలవు దొరికితే కారు తీసుకుని ఊళ్ళు తిరుగుతాను. వండిన మనిషి కళ్ళకి కనబడే చోటే తినాలని నాకొక పట్టుదల. ఊరూరా బ్రాంచీలున్న హోటల్ గడప తొక్కను. నలుగురిలో దీన్ని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. ఫిబ్రవరిలో మా ఆడపడుచు మాధవితో కలిసి మూడు రోజులు తిరిగొచ్చాక గొప్పలు తగ్గాయి. పట్టుదల మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో, ఈ దారిలో ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకి చెబుదామని రాస్తున్నాను.

మాధవి పుణేలో ఉద్యోగం చేస్తుంది. ఆమెకి రొయ్యలు పడవు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసుగానీ, తింటే ఏమవుతుందో నేను కళ్ళతో చూడలేదు. ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి కాబోలు, ఒక మాత్ర వేసుకుంటే పోతాయి కాబోలు అనుకునేదాన్ని.

బయల్దేరే ముందు ఆమె ఒక్కటే షరతు పెట్టింది. "వదినా, నీ హోటళ్ళకే వెళ్దాం. కానీ ప్రతిచోటా ముందు నువ్వు చెప్పాలి, నాకు రొయ్య పడదని. నేను చెబితే సిటీ వేషాలనుకుంటారు. నువ్వయితే వాళ్ళతో ఇట్టే కలిసిపోతావు."

"అదెంత పని? చెబుతాలే" అన్నాను.

శనివారం పొద్దున నల్లపాడు స్టేషన్ దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాం. మూతలు తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి పోశాడు బండతను. ప్లేటు ముప్పై రూపాయలు. పుణేలో ఆఫీసు కింద ఇదే ఇడ్లీ నూట అరవై అనీ, పొడి అడిగితే ఎర్ర రంగేసిన ఇసకలాంటిదేదో ఇస్తారనీ మాధవి చెబుతుంటే నేనే వండి పెట్టినట్టు పొంగిపోయాను.

చిలకలూరిపేట దాటాక

చిలకలూరిపేట రాకముందే హైవే పక్కన పెద్ద హోటల్ కనబడింది. దేశమంతా బ్రాంచీలున్నది.

"కాఫీ తాగుదామా? ఈ హోటల్లో నాకు బెంగుండదు వదినా. మెనూ కార్డు మీద ప్రతిదాని పక్కనా గుర్తులుంటాయి, దేంట్లో ఏముందో" అంది మాధవి.

"కార్డు చూసి తినేదేం తిండే?" అని నేను కారు ఆపలేదు. ఆమె వెనక్కి తిరిగి కాసేపు ఆ బోర్డు వైపు చూసింది.

పేట దాటి పర్చూరు రోడ్డులోకి తిరిగాక ప్రత్తి చేలు వచ్చాయి. తీతలు అయిపోయి మోళ్ళు మిగిలినవి కొన్ని, ఆఖరి తీతకి ఆడవాళ్ళు వంగి ఉన్నవి కొన్ని. వాటి తర్వాత మిరప కళ్ళాలు. ఎకరాల మేర ఎర్రగా కాయలు పరిచారు. ఒకచోట కారాపి దిగాం. ముక్కుకీ నోటికీ తువ్వాళ్ళు కట్టుకుని పదిమంది ఆడకూలీలు తాలు కాయలు ఏరుతున్నారు.

"రేటెలా ఉందమ్మా?" అన్నాను.

"ఆ మాట మటుకు అడగమాకండి. ఇంకేదైనా అడగండి" అంది ఒకామె. మిగతావాళ్ళు నవ్వారు.

వాళ్ళకి అలవాటయిన ఘాటు మాధవికి కాదు. తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కారెక్కేసరికి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి కూడా తెరుచుకోలేదు. ఇది చిన్న విషయమనుకున్నాను అప్పుడు.

పర్చూరు దగ్గర

మధ్యాహ్నం ఒక మెస్సులో కూర్చున్నాం. ఆరు బల్లలు, గోడకి క్యాలెండరు, గల్లాపెట్టె దగ్గర భారీ మనిషి. ఆయనే యజమాని. మాట ఇచ్చాను కాబట్టి లేచి వెళ్ళి చెప్పాను.

"ఏమండీ, మా అమ్మాయికి రొయ్య పడదు. ఎలర్జీ. రొయ్యలు వండిన గరిటె కూడా వేరే కూరలో పెట్టకుండా చూడాలి."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. అక్కడున్న పాతికమందికీ వినబడేలా అన్నాడు: "గరిటెలు కూడా మీరే తెచ్చుకోకపోయారా అమ్మా? ఇరవై ఏళ్ళ నుంచి పెడుతున్నాను. నా చేతి కూడు తిని పడిపోయినోడు లేడు."

తింటున్నవాళ్ళు తలెత్తి చూశారు. ఒకరిద్దరు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. మాధవి పెరుగన్నం మాత్రం తిని లేచింది.

కారెక్కాం. మాధవి మెల్లగా అంది: "ఆ హైవే హోటల్లో అయితే ఎవరినీ బతిమాలుకునే పని లేదు వదినా."

ఆ మాటలో ఎగతాళి లేదు. అయినా నాకు ముల్లులా గుచ్చుకుంది. ఊరి హోటళ్ళవాళ్ళు మనసున్నవాళ్ళని ఇన్నేళ్ళు చెప్పి, మొదటి పూటే ఆమె ముందు తలదించుకోవాల్సి వచ్చింది. మళ్ళీ అలాంటి సీను జరగనివ్వకూడదనుకున్నాను. ఆయన మీద కోపంతో ఆలోచించానే తప్ప, మాధవికి ఏమవుతుందోనని ఆలోచించలేదు. ఈ ప్రయాణంలో నేను చేసిన మొదటి తప్పు అదే.

వాడరేవు

రాత్రికి చీరాలలో గది తీసుకున్నాం. ఆదివారం పదకొండింటికి వాడరేవు చేరేసరికి తీరమంతా జనం. పడవల పక్కన వలలు ఆరేసి ఉన్నాయి. ఇసుక మీద పట్టాలు పరిచి చేపలు ఎండబెట్టారు. ఊరి మొదట్లోకి రాగానే ఎండుచేపల వాసన కమ్మేస్తుంది. మాధవికి ఆ వాసనే తెలియలేదు. "ఇలాంటప్పుడు ముక్కు మూసుకుపోవడమే మేలు" అని నవ్వింది కూడా.

నీళ్ళలో గంటసేపు ఆడి, ఆకలేసి, తీరానికి రెండు సందుల లోపల ఉన్న రేకుల షెడ్డు హోటల్‌కి వెళ్ళాం. నడిపే ఆమె పేరు సువార్తమ్మ. యాభై దాటి ఉంటుంది. చర్చి నుంచి వచ్చి అలాగే పొయ్యి దగ్గర నిలబడింది, తెల్లచీర కొంగు నడుముకి దోపుకుని. ఆమె భర్త దేవదానం ఆటో నడుపుతాడు. భోజనానికి వచ్చి గుమ్మం పక్కన కూర్చుని ఉన్నాడు.

"రండమ్మా, కూర్చోండి. ఎండన పడి వచ్చారు" అని సువార్తమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆ పలకరింపుకే నాకు పర్చూరు అవమానం సగం మానిపోయింది. మేం కూర్చోవడంతో బల్లలన్నీ నిండిపోయాయి.

మాధవి మోచేత్తో నన్ను పొడిచింది. "చెప్పు వదినా."

నేను అరిటాకు వైపు చూస్తూ, మాటవరసకి అడిగినట్టు అడిగాను: "అక్కా, ఈ కూరలో రొయ్యలు లేవుగా?"

"లేవమ్మా. వంకాయ కూర. పప్పు, చారు. చేప కావాలంటే వేపి ఇస్తాను."

"చేప వద్దులే. చాలు."

అంతే అడిగాను. పడదని చెప్పలేదు. ఎలర్జీ అన్న మాట నోట్లోంచి రాలేదు. మాధవి నా మొహంలోకి చూసింది, నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

సువార్తమ్మ అన్నం వడ్డించి, ఒక సీసా తెచ్చి, మాధవి ఆకులో రెండు చెంచాల ఎర్రటి పొడి వేసి నెయ్యి పోసింది. "మొదటి ముద్ద దీంతో తినాల. మా చేతి పొడి కోసం ఒంగోలు నుంచి వస్తారు" అంది. కొత్తవాళ్ళకి ఆమె చేసే మర్యాద అది. వెల్లుల్లీ ఎండుమిరపకాయా వాసన నాకు తెలిసింది. దాంట్లో ఎండబెట్టి దంచిన రొయ్యపొట్టు ఉందని నాకు తట్టలేదు. మాధవికి ముక్కే పనిచెయ్యడం లేదు.

మూడో ముద్దకి ఆమె ఆగింది. పెదవి తడుముకుంది.

"వదినా, ఇందులో ఏముంది?"

గొంతు మారిపోయింది అప్పటికే. మెడ మీద ఎర్రటి మచ్చలు లేస్తున్నాయి. హ్యాండుబ్యాగులో మాత్ర తీసి వేసుకుంది, మింగుడు పడలేదు, నీళ్ళతో పాటు బయటికొచ్చింది. పై పెదవి ఉబ్బింది. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. నేను ఆమె వీపు రుద్దుతూ "ఏం కాదు, ఏం కాదు" అంటున్నాను.

సువార్తమ్మ పరుగెత్తుకొచ్చింది. "పొడి పడలేదా? రొయ్య పడదా ఈమెకి?"

నేను తలూపాను.

ఆమె ఇంకో మాట అడగలేదు. "ఏమయ్యా, బండి తియ్!" అని అరిచింది.

"కారుంది" అన్నాను నేను.

"కారు మీది ఎక్కడుందమ్మా, బీచి దగ్గర. ఆదివారం ఆ రోడ్డున కదలదు. నేను లోపల దారిన పోతా" అంటూ దేవదానం అప్పటికే ఆటో స్టార్ట్ చేశాడు.

సువార్తమ్మ మాధవిని రెండు చేతులా ఎత్తినంత పని చేసి ఆటోలో కూర్చోబెట్టింది, అటు నన్ను ఎక్కించి ఇటు తను ఎక్కింది. తింటున్నవాళ్ళ వైపు తిరిగి, "కావాల్సింది మీరే వడ్డించుకోండయ్యా. ఎవరన్నా ఆ పొయ్యి ఆపండి" అంది. గల్లాపెట్టె మూత కూడా వెయ్యలేదు.

చీరాల ఆరేడు కిలోమీటర్లు. నేనెప్పుడూ అంత పొడవైన దారి చూడలేదు. దేవదానం ఇళ్ళ మధ్య నుంచి, జీడిమామిడి తోటల పక్క నుంచి హారన్ మీద చెయ్యి తియ్యకుండా తోలాడు. మాధవి ముందుకి వాలిపోతుంటే సువార్తమ్మ తన గుండెకి ఆనించుకుని నిటారుగా పట్టుకుంది. "నిద్రపోమాకు తల్లీ, నన్ను చూడు. పేరేంటమ్మా? పేరు చెప్పు" అంటుంది. మధ్యలో పెదాలు కదుపుతూ ప్రార్థన. మాధవి ఆమె తెల్లచీర మీద వాంతి చేసుకుంది. ఆమె కొంగుతోనే మూతి తుడిచింది. మాధవి గోళ్ళ చుట్టూ నీలం రంగు రావడం చూసి నేను కళ్ళు మూసుకున్నాను.

నర్సింగ్ హోమ్ వరండా

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చూడగానే తొడకి ఇంజక్షన్ చేసింది, ఆక్సిజన్ పెట్టింది. కొంతసేపయ్యాక రెండోది. ఆ ఈల చప్పుడు తగ్గేదాకా నేను గోడ పట్టుకుని నిలబడే ఉన్నాను. తగ్గాక అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"ఇప్పుడు పర్వాలేదు. రేపు పొద్దుటి దాకా ఇక్కడే ఉంచుదాం. మళ్ళీ వచ్చే అవకాశం ఉంటుంది" అంది డాక్టరమ్మ. "దారిలో పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి తెచ్చారు, మంచి పని చేశారు. ఎవరు?"

సువార్తమ్మ వరండా చివర బల్ల మీద కూర్చుని ఉంది. చీర తడిపి తుడుచుకుంది గానీ మరక పోలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నేను అడగాల్సిందమ్మా" అంది. "కొత్త మనిషిని చూసి కూడా, ఏం పడదో అడక్కుండా పెట్టాను. ముప్పై ఏళ్ళ నుంచి వండుతున్నా, ఇంత ఒళ్ళు తెలియకుండా ఎప్పుడూ చెయ్యలేదు. కేసవుద్దా అమ్మా?"

"కేసేం లేదు. ఏం కాదులే" అన్నాను.

"మా రోడ్డు మొదట్లో పెద్ద హోటల్ కడతన్నారు, ఊరూరా ఉంటదంటారే, అది. అది తెరిస్తే మా గతేంటా అని ఏడుస్తన్నాం. అది తెరవకముందే నా చేత్తో నేనే మూసేసుకున్నాను."

అప్పుడు చెప్పాలి నేను. 'నీ తప్పు కాదు సువార్తమ్మా, అడగాల్సిన తీరున నేను అడగలేదు' అని ఒక్క వాక్యం. నోటిదాకా వచ్చింది. చెబితే ఆ మాట మాధవి వింటుంది, మా ఆయన వింటాడు, పుణేలో ఉన్న మాధవి భర్త శ్రీధర్ వింటాడు. "ఇంటికెళ్ళండి, నేను ఫోన్ చేస్తాను" అన్నాను. ఆమె లేచి, తలుపు అద్దంలోంచి మాధవిని ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

సంగతి తెలిసి అరగంటకి శ్రీధర్ ఫోన్. "ఆ హోటల్ పేరు చెప్పండి. ఫుడ్ ఆఫీసుకి కంప్లయింట్ ఇస్తాను. నెట్‌లో రాస్తాను. ఇంకెవరూ ఆ గుమ్మం ఎక్కకూడదు."

"తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాను.

సోమవారం పొద్దున

మాధవి మొహం మీద వాపు తగ్గింది. నర్సు తెచ్చిన బ్రెడ్డు ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టింది. ప్యాకెట్ మీద రాసింది మొత్తం చదివాకే తిన్నది.

"మాధవీ, నేను ఆమెకి సరిగ్గా చెప్పలేదు" అన్నాను.

"తెలుసు. పక్కనే ఉన్నానుగా."

"పర్చూరులో అలా అయ్యేసరికి, మళ్ళీ నలుగురిలో..."

"అది కాదు వదినా." గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నా మాట నువ్వు నమ్మలేదు. దురదలొస్తాయి, మాత్రేసుకుంటే పోతాయి అనుకున్నావు. అవునా?"

అవునన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. కోప్పడితే బాగుండునని కూర్చున్నాను. చివరికి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "శ్రీధర్‌కి నువ్వే చెప్పు. తర్వాత ఆమెకీ నువ్వే చెప్పు. నేనూ వస్తాను."

శ్రీధర్ అంతా విన్నాడు. "సరే" అన్నాడు, కట్ చేశాడు. ఇది రాస్తున్న రోజు వరకూ నాతో మాట్లాడలేదు. కంప్లయింట్ మాత్రం ఇవ్వలేదు.

మళ్ళీ వాడరేవు

హోటల్ మూసి ఉంది. రేకు తలుపుకి తాళం. తలుపు సందులోంచి చూస్తే లోపల బల్లలు కడిగి బోర్లించి ఉన్నాయి. పక్కింటామె చేపలు తిరగేస్తూ, "ఇల్లు వెనకాలే, పొండి. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు" అంది మా మొహాలు చూడకుండా.

సువార్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మాధవిని చూడగానే లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుని, మెడా మొహం పరీక్షగా చూసింది. ఆ తర్వాత కళ్ళొత్తుకుంది.

నేను నిలబడే చెప్పాను. పర్చూరులో జరిగింది, నేను సిగ్గుపడింది, సగమే అడిగింది, నిన్న వరండాలో నోరు మెదపనిది. దేవదానం గుమ్మంలోకి వచ్చి విన్నాడు.

క్షమిస్తుందని నేను ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే. ఆమె మొహం గట్టిపడింది.

"నిన్న పక్కన కూర్చుని కూడా చెప్పలేదే అమ్మా" అంది. "నా చేత్తో ఒక పిల్లని చంపబోయానని రాత్రంతా ఆ దేవుడి కాళ్ళ మీద పడి ఉన్నాను నేను. ఇక వండనని ఒట్టేసుకున్నాను. ఆ ఒక్క మాట చెప్పి ఇంటికి పంపకూడదా?"

దేవదానం "పోనీలేవే" అన్నాడు. "నువ్వూరుకో" అంది ఆమె.

అప్పుడు మాధవి అంది: "ఆంటీ, నిన్నటి నుంచి నేనూ సరిగ్గా తినలేదు. భయమేస్తోంది. మీరేమైనా పెడతారా?"

సువార్తమ్మ ఆమె వైపు చూసి అడ్డంగా తలూపింది. "పెట్టను. నా ఇంట్లో, హోటల్లో, రొయ్య తగలని గిన్నె లేదు. ఎంత తోమినా నాకు నమ్మకం లేదు. నీకు నేను పెట్టను తల్లీ." లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కుని, చీర సర్దుకుని వచ్చింది. "పదండి. ఎక్కడ తినొచ్చో నాకు తెలుసు."

చీరాల, గడియార స్తంభం దగ్గర

సందులో నాలుగు బల్లల హోటల్. బోర్డు కూడా సరిగ్గా కనబడదు. నడిపేది మంగతాయారు గారని ఒక పెద్దావిడ. ఆ వంటింట్లోకి చేపా మాంసం ఏనాడూ రాలేదట. వాడరేవులో చేపలు వండే సువార్తమ్మకి ఈవిడతో స్నేహం ఎలాగంటే, ఇద్దరూ ఒకే కొట్లో బియ్యం కొంటారు.

నేను చెప్పబోయాను. సువార్తమ్మ నన్ను చేత్తో ఆపి, వంటింటి గుమ్మంలో నిలబడి, వీధిలోకి కూడా వినబడే గొంతుతో చెప్పింది: "తాయారమ్మ గారూ, ఈ పిల్లకి రొయ్య పడదు. రవ్వంత తగిలినా గొంతు మూసుకుపోద్ది. నిన్న నా ఒళ్ళోనే ఊపిరాడక కొట్టుకుంది. పొడులూ పచ్చళ్ళూ అన్నీ మీ చేత్తో చేసినవేనా? బయట కొన్నవి ఏమన్నా ఉన్నాయా?"

తింటున్నవాళ్ళు తిరిగి చూశారు. ఒక్కరూ నవ్వలేదు. మంగతాయారు గారు గరిటె పక్కన పెట్టి బయటికొచ్చారు. "అప్పడాలు కొన్నవి. అవి వెయ్యను. మిగతావన్నీ నావే. ఏదేదో చెబుతాను, విను నాన్నా" అని మాధవి పక్కన కూర్చుని వరసగా చెప్పారు. ముద్దపప్పులో ఏముందో, గోంగూర దేంతో నూరారో, పోపు ఏ నూనెతో పెట్టారో. మాధవి ఒక్కొక్కటే అడిగింది. ఆవిడ విసుక్కోలేదు.

ఏ కార్డు మీదా అంత వివరంగా రాయరు. అయితే ఆ కార్డు ఎందుకుండాలో కూడా నాకు అప్పుడే అర్థమైంది. వండే మనిషి కనబడితే చాలదు, తినే మనిషి నోరు తెరవాలి.

నలుగురికీ ఆకులు వేశారు. మాధవి పప్పన్నం చిన్న ముద్ద చేసి, నోటి దగ్గర ఆపింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. పెదవి తడుముకుంది. దేవదానం ఆటో తాళం చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా సువార్తమ్మ ఆకులో అన్నం ఆవిరి పోయి చల్లారుతోంది, ఆమె దాని వైపు చూడటం లేదు. మాధవి మెడ వైపే చూస్తోంది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు.

"ఇంకొంచెం పప్పు వెయ్యండి" అంది మాధవి.

అప్పుడు సువార్తమ్మ తన ఆకులో చెయ్యి పెట్టింది.